మొదటి సగం చూడని మనిషి

1953 అక్టోబరు ఒకటో తేదీ, గురువారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు గుడియాత్తంలో కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఆటమైదానంలో ఒక పెద్దమనిషి ముగ్గురు కుర్రవాళ్ళకు పూచీ నిలిచారు. ఆ ముగ్గురిలో ఒకడు నా తమ్ముడు. నేను చెప్పబోయే విషయం అక్కడ ప్రారంభమైంది.

తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండటం నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. ఆ రోజే కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయిన మా తెలుగు నేతపేటలో ఆ రోజు సంతోషించాలో విచారించాలో ఎవరికీ తెలియలేదు. అందుచేత అందరూ ఫుట్‌బాల్ చూడటానికి వెళ్ళారు.

ఆ పెద్దమనిషి కాలం చేశారని గత నెల తమ్ముడు వచ్చి చెప్పాడు. చెప్పి, నిలబడే మంచినీళ్ళు తాగి, వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఆయనను గురించి మాట్లాడుకోలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయకపోవటమే న్యాయం కూడా, ఎందుకంటే ఆయన తన జీవితంలో ఏ ఆటగాణ్ణీ పేరుతో పిలవలేదు.

బజారు వీధిలో ఆయనకు ఇత్తడి, రాగి పాత్రల అంగడి ఉండేది. అందరూ సావుకారు అనేవారు. పొట్టి మనిషి. భుజం మీద ఎర్ర అంచు కండువా, చెవులకు తెల్లరాళ్ళ కడుకులు. అంగడిలో ఏ పాత్ర చేతికి వచ్చినా ముందు వేలి కణుపుతో కొట్టి, తల ఒక పక్కకు వంచి వినేవారు. ఆ అలవాటు మనుషుల దగ్గర కూడా ఆగేది కాదు. కొత్తగా వచ్చిన ఆటగాడు ఎదుట నిలబడితే ఆయన వంగి వాడి మోకాటి చిప్ప మీద కణుపుతో టక్కున కొట్టేవారు. కొందరు నవ్వేవారు, కొందరు ఉలిక్కిపడేవారు. ఆయన మాత్రం తల వంచి వినేవారు. మోకాటి చిప్ప ఏం చెప్పేదో దేవుడికే తెలియాలి.

తర్వాత పేరు పెట్టేవారు. బరువైన మనిషి అయితే గంగాళం. పొడుగ్గా, సన్నగా ఉంటే గరిటె. ఒకసారి గోలు కాపలాకు వచ్చినవాడికి మొదటి రోజే జల్లెడ అని పేరు పెట్టారు. పాపం, ఆ పేరు వాణ్ణి వదలలేదు.

ఆయన అలవాట్లలో అందరూ చెప్పుకునేది మరొకటి. ఆట మొదలయ్యే ముందు ఆయన ఒక చెక్కపీట వేసుకుని, గీతకు దగ్గరగా, మైదానానికి వీపు పెట్టి కూర్చునేవారు. మొదటి సగమంతా అలాగే. వెనుక ఇరవై ఇద్దరు పరుగెడుతూ, వందలమంది అరుస్తూ ఉంటే, ఆయన ఎదురుగా ఉన్న ఇసుకనో ఎడ్లబండ్లనో చూస్తూ తమలపాకుల ఈనెలు తీసుకునేవారు. గోలు పడినా తల తిప్పేవారు కాదు. మధ్యలో ఆట ఆగినప్పుడు "ఎంత?" అని ఒక్క మాట అడిగేవారు. అంకెలు చెప్పాలి, అంతకు మించి చెప్పకూడదు. ఎవరైనా ఉత్సాహం కొద్దీ "ఏం కొట్టినాడు సావుకారూ, ఆ మూల నుంచి..." అని మొదలుపెడితే రెండు చెవులూ మూసుకునేవారు. తర్వాత పీటను ఇటు తిప్పుకుని, రెండో సగం కనురెప్ప వేయకుండా చూసేవారు.

కారణం అడిగితే ఆయన జవాబు ఒక్కటే. "చల్లనీళ్ళకు ఏ చెంబూ కారదు నాయనా. పొయ్యి మీద పెట్టు. వేడెక్కినాక అతుకు మాట్లాడతాది."

మొదటి సగం అందరూ ఆడతారని, రెండో సగంలో నిలిచినవాడే ఆటగాడని ఆయన సిద్ధాంతం. పడుచుతనంలో ఎవడో ఒక కుర్రవాడి మొదటి సగం చూసి మోసపోయారని కొందరు చెప్పేవారు. అదేమీ కాదు, ఎండ ఎదురుగా పడుతుందని అలా కూర్చుంటారని మరికొందరు. ఏది నిజమో నాకు తెలియదు.

ఇక పూచీ సంగతి. ఏటా వానలకు ముందు వేలూరులోని కళాశాలలు, పోలీసులు, ఆర్కాడు, తొరపాడి జట్లు తమకు కావలసినవాళ్ళను ఏరుకునేవి. ఎవరికీ అక్కర్లేనివాళ్ళు మా ఊరి జట్టుకు వచ్చేవారు. వాళ్ళను మావాళ్ళు మొహం మీదే "మిగులు" అనేవారు. మిగులును జట్టులో చేర్చుకోవాలంటే ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా పూచీ నిలవాలి. కొన్ని ఆటలు గడిచాక, పందెం ఆటలలో ఒకదానిని ఆ కుర్రవాడి పరీక్షగా నిర్ణయించేవారు. ఆ రోజు పూచీదారు ముందు ఒక చెంబెడు నీళ్ళు పెట్టేవారు. కుర్రవాడు పనికిరాడని తోస్తే, ఆట ముగిసేలోగా పూచీదారు అందరూ చూస్తుండగా ఆ నీళ్ళతో చేతులు కడుక్కోవచ్చు. అప్పుడు కుర్రవాడు జట్టు విడిచి వెళ్ళాలి. కడుక్కోకుండా ఉంటే తప్పొప్పులు పూచీదారువి. కుర్రవాడు బాగా ఆడితే సరే. ఆడకపోతే కుర్రవాడు ఉంటాడు, పూచీదారు ఏడాదిపాటు ఏ ఊళ్ళోనూ మా జట్టు ఆడే మైదానంలో అడుగు పెట్టకూడదు. అంటే ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోవాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. అయినా దానిని దాటినవాణ్ణి నేను చూడలేదు.

ఆ గురువారం సాయంత్రం ముగ్గురు మిగులు గీత దగ్గర వరుసగా నిలబడ్డారు. వాళ్ళ చుట్టూ పేట పేటంతా ఉంది. మగ్గాల మేస్త్రి ముందు వరుసలో ఉన్నారు. ఆయన కింద చాలా మగ్గాలు ఆడేవి. నోరు కూడా అంతే. సావుకారుకు ఆయన మిత్రుడో శత్రువో చెప్పటం కష్టం. ఒకరు లేకుండా ఒకరు ఆటకు వచ్చేవారు కాదు.

"ఈ పొడుగోడు యాడ నుంచి వచ్చినాడప్పా?" అని మేస్త్రి అడిగారు.

"పలమనేరు," అన్నాడు ఆ కుర్రవాడు.

"అట్లనా! నిన్నటి దాకా పక్కూరోడివి. ఈ పొద్దుటి నుంచి పరదేశివి గదప్పా! నిన్ను చేర్చుకుంటే రెండు రాష్ట్రాలకూ తగువు వస్తాదేమో."

అందరూ నవ్వారు. సావుకారు నవ్వలేదు. వాడి మోకాలు కొట్టి విన్నారు. "గరిటె," అన్నారు. "చెంబుకు రాష్ట్రమేంది మేస్త్రీ? నీళ్ళు నిలిస్తే చెంబు. నిలవకుంటే చిల్లు."

రెండోవాడు పళ్ళికొండ నుంచి వచ్చిన భారీ మనిషి. వాడు గంగాళమయ్యాడు. మూడోవాడు నా తమ్ముడు.

వాణ్ణి గురించి ఒక మాట చెప్పాలి. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాడిని నేను. నేను వేలూరు కళాశాలకు వెళ్ళినందువల్ల ఇంట్లో ఒక మగ్గం గుంట ఖాళీ అయింది. దానిలో తమ్ముడు కూర్చున్నాడు. పందొమ్మిదేళ్ళవాడు. కళాశాలలో చదవటం లేదు కనుక కళాశాల జట్టు వద్దన్నది. ఎత్తు చాలదని పోలీసులు వద్దన్నారు. తొరపాడివాళ్ళు ఆడనిచ్చి చూడనైనా చూడలేదు. ఇంట్లో వాడు ఎన్నడూ ఏదీ అడగలేదు. ఆ ముందురోజు మాత్రం మా అమ్మతో, "అమ్మా, మగ్గం ఎట్లన్నా నేస్తా. ఆదివారం సాయంత్రం నన్ను ఆ మైదానంలో ఉండనిస్తే చాలు," అన్నాడట.

"ఇదేంది సావుకారూ?" అని మేస్త్రి వాడిని ఎగాదిగా చూశారు. "కాలు చూస్తే మగ్గంలో నాడె మాదిరి అటూ ఇటూ పోతాది. నాడెలో నూలే లేదే!"

సావుకారు వంగారు, కొట్టారు, విన్నారు. మరొకసారి కొట్టారు. రెండుసార్లు కొట్టటం నేనెప్పుడూ చూడలేదు.

"ఉగ్గుగిన్నె," అన్నారు. "చిన్నదే. చిన్నబిడ్డ నోట్లోకి పాలు పోవాలంటే గంగాళం పనికిరాదు. ఈ ముగ్గురికీ నేను పూచీ."

"ముగ్గురికీనా! ఏడాది అంగట్లో కూర్చుని ఈగలు తోలుకుంటావు, చూడు."

"తోలుకుంటా. నీకేం పోయె?"

సావుకారు భార్య పోయి చాలా కాలమైన మనిషి. పిల్లలు లేరు. అంగడి మూసిన తర్వాత ఆయనకు మైదానం తప్ప మరొక చోటు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, మేస్త్రికి మరీ బాగా తెలుసు.

గరిటె పరీక్ష దాకా రానే లేదు. చిత్తూరులో మేనమామ ఏదో ఉద్యోగం చూపించాడని దీపావళికి ముందే సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. గంగాళం పరీక్ష మా ఊళ్ళోనే ఆర్కాడువాళ్ళతో జరిగింది. మొదటి సగంలో వాడు ఒక గోడలా నిలిచాడు. నేను కళ్ళారా చూశాను. చివర్లో ఇద్దరు ముగ్గురు మీద పడగా కింద పడి, మోకాలు పట్టుకుని లేచాడు. రెండో సగంలో సావుకారు పీట తిప్పుకునేసరికి వాడు నడవటమే గాని పరుగెత్తటం లేదు. ఆయన కాసేపు చూశారు. చెంబు వంచి, రెండు చేతులూ కడుక్కుని, కండువాతో తుడుచుకున్నారు.

ఆట అయిపోయాక వాడు కుంటుతూ వచ్చాడు. "సావుకారూ, ఒక్క మాట. ఫస్టాఫులో నన్ను..."

ఆయన చెవులు మూసుకున్నారు. వాడు కొంతసేపు ఆ మూసిన చెవుల ఎదుట నిలబడి, ఆయనకు నమస్కారం చేసి, పళ్ళికొండ బస్సు ఎక్కాడు.

ఆయన కఠినుడని అప్పుడు నాకు అనిపించింది. ఇంటికి వచ్చి తమ్ముడితో ఆ మాటే అన్నాను. వాడు పడుగు దారం ఒకటి తెగితే ముడి వేస్తున్నాడు. "కఠినమేముందన్నా? ఆయన అందరికీ ఒకే మాదిరి చేస్తాడు," అన్నాడు.

ఉగ్గుగిన్నె పరీక్ష వేలూరు కోట మైదానంలో, తొరపాడి జట్టుతో. వానలు వెనుకబట్టిన తర్వాత వచ్చిన ఆదివారం. మా ఊరి నుంచి రెండు బస్సుల నిండా జనం వెళ్ళారు. సావుకారు పీటను ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. చెంబును మేస్త్రి స్వయంగా పట్టుకున్నారు. "నీ అంగడి చెంబే సావుకారూ! నీ చేతులు నీ చెంబుతోనే కడగాలని కొని తెచ్చినా," అని దారి పొడుగునా అందరికీ చూపించారు. తమ్ముడు బస్సు వెనుక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే వినలేదు.

మైదానంలో సావుకారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఏం బీయే, నువ్వు చదువుకున్నోడివి. ఎంత అంటే అంతే చెప్తావు. వీళ్ళకు నోరు ఆగదు," అన్నారు. ఆయన కోటగోడకు ఎదురుగా, నేను ఆటకు ఎదురుగా. ఆయన వీపుకు గీత బారెడు దూరం కూడా లేదు. తమ్ముడు కుడి రెక్కన ఆడుతున్నాడు కనుక మొదటి సగమంతా ఆ గీత వెంబడే, నా ఎదుటనే పరుగెత్తాడు.

ఆ సగంలో వాడు ఆడిన ఆటను నేను మళ్ళీ చూడలేదు. బంతి వాడి పాదానికి అంటుకున్నట్టే వచ్చేది. తొరపాడి బ్యాకు ఎత్తు మనిషి. తమ్ముడు వాడి చంక కింద నుంచి దూరిపోయేవాడు. మావాళ్ళ అరుపులకు కందకం అవతలి కాకులు లేచాయి. సావుకారు ఈనె తీసిన ఆకును మోకాలి మీద పరచి, సున్నం రాసుకుంటున్నారు.

తర్వాత అది జరిగింది. గీత పక్కన ఎవరో పగలగొట్టిన సోడాబుడ్డి పెంకు ఇసుకలో ఉంది. మా జట్టంతా వట్టి కాళ్ళతో ఆడేవారే. తమ్ముడు పూర్తి వేగంతో వస్తూ కుడి అరికాలితో దాని మీద దిగాడు. పడిపోలేదు. రెండడుగులు వేసి కూర్చుని, పాదంలోంచి పెంకు లాగి పారేశాడు. గుప్పెడు మన్ను తీసి గాయానికి అదిమాడు. బంతి అవతలి వైపు ఉన్నందువల్ల అందరి కళ్ళూ అటే ఉన్నాయి. నేను సగం లేచాను. వాడు నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చెప్పవద్దని.

ఆ రోజుల్లో ఒకడు బయటికి వస్తే ఇంకొకణ్ణి లోపలికి పంపే పద్ధతి లేదు. వాడు వచ్చేస్తే జట్టు పదిమందితో ఆడాలి, పరీక్ష అక్కడితో ముగుస్తుంది. వాడు లేచి పరుగెత్తాడు. సావుకారు వీపు అలాగే ఉంది.

ఆట మధ్యలో ఆగింది. తమ్ముడు నీళ్ళకు రాలేదు. దూరంగా, కుడిపాదాన్ని ఎడమ తొడ కిందికి దాచుకుని కూర్చున్నాడు.

"ఎంత?" అన్నారు సావుకారు.

"ఏమీ లేదండి. ఇద్దరికీ."

"సరి." పీట తిప్పుకున్నారు.

రెండో సగంలో జట్లు వైపులు మారాయి. కుడికాలు వాడలేకపోతున్నాడని కెప్టెనుకు తోచిందేమో, తమ్ముణ్ణి ఎడమ రెక్కకు మార్చాడు. అందువల్ల వాడు మళ్ళీ మా గీత వెంబడే పడ్డాడు. కాని ఇప్పుడు పరుగు వేరు. మడమ మోపకుండా, కొంగ నడిచినట్టు నడుస్తున్నాడు. కుడివైపుకు వచ్చిన ప్రతి బంతినీ ఎడమకు మార్చుకోబోయి పోగొట్టుకుంటున్నాడు.

సావుకారు కణుపుతో పీట అంచు కొట్టటం మొదలుపెట్టారు. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా.

"చూసినారా అప్పా!" అని మేస్త్రి అందుకున్నారు. "ఇంతసేపూ మొగిలిపువ్వు, ఇప్పుడు గరికపోచ! సావుకారూ, ఉగ్గుగిన్నెకు అడుగు ఊడింది!"

"సుమ్మా ఉండు, వాగొద్దు," అన్నారు సావుకారు. కాని ఆ గొంతులో బలం లేదు.

అంతలో గోలు ముందు బంతి తమ్ముడికి ఒంటరిగా దొరికింది. గోలీ పక్కకు పడి ఉన్నాడు. కుడికాలితో తాకిస్తే చాలు. వాడు కాలు ఎత్తాడు, దించాడు, ఎడమకు మార్చుకోబోయాడు. తొరపాడి బ్యాకు వచ్చి తన్నేశాడు. రెండు బస్సుల జనం ఒకేసారి నిట్టూర్చారు. ఆ బంతే అవతలి కొసకు పోయి మా గోలులో పడింది.

"కడుక్కో సావుకారూ!" అని వెనుక ఎవరో అరిచారు. "నీకేం ఖర్మ? కడుక్కో!"

"ఏడాది మైదానం లేకుండా నువ్వు బతకలేవప్పా," అన్నారు మేస్త్రి. ఆ మాటలో వెక్కిరింత లేదు. "చెంబు తీసుకో."

సావుకారు ఎడమచేత్తో చెంబు ఎత్తారు. కుడి అరచేయి కిందికి చాపారు.

నేను ఆగలేకపోయాను. "సావుకారయ్యా, ఒక్క మాట వినండి. ఫస్టాఫులో వాడికి..."

"బీయే! నోరు!" ఆయన నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. అందులో ఉన్నది కోపం కాదు, భయం. చేతులు ఖాళీగా లేవు కనుక చెవులు మూసుకోలేక భుజాలు పైకి ఎత్తుకున్నారు. "చెప్పొద్దు. నువ్వు చెప్పినావంటే నేను ఇంతకాలం చేసిందంతా ఏమవుతాది?"

చెంబు వంగింది. నీళ్ళు అంచుకు వచ్చాయి.

అదే సమయంలో తమ్ముడూ తొరపాడి బ్యాకూ పోట్లాడుకుంటుండగా బంతి గీత దాటి దొర్లి, పీటకు తగిలి ఆగింది. సావుకారు అలవాటు కొద్దీ చెంబు కింద పెట్టి బంతి ఎత్తారు. ఎత్తి, చేతులు చూసుకున్నారు. అరచేయి ఎర్రగా ఉంది. బంతి తోలు మీద మన్నుతో కలిసిన తడి నెత్తురు ఉంది.

తమ్ముడు గీత దగ్గరికి వచ్చి చేయి చాపాడు. "బంతి ఇయ్యండి సావుకారూ."

"కాలెత్తు."

"ఏం లేదు. బంతి ఇయ్యండి."

"కాలెత్తు నాయనా!"

లాడం కొట్టించుకునే ఎద్దు లాగా వాడు కుడికాలు వెనక్కి మడిచాడు. నల్లబడిన మన్ను, దాని నడుమ తెరుచుకున్న గాయం. రిఫరీ దూరం నుంచి ఈల వేస్తున్నాడు. సావుకారు చెంబు ఎత్తి, ఆ నీళ్ళు మొత్తం, ఆఖరి బొట్టుదాకా, ఆ పాదం మీద పోశారు. మన్ను కడుక్కుపోయి గాయం తెల్లగా కనిపించింది. భుజం మీది కండువా తీసి అంచు చించి కట్టారు. ముడి గట్టిగా బిగించారు.

"ఆడతావా?"

"ఆడతా."

"పో."

తమ్ముడు బంతి విసిరి పరుగెత్తాడు. మేస్త్రి వంగి చెంబులోకి చూశారు. "ఏం సావుకారూ, అంతా పోసేస్తివే! చేతులు కడగను చుక్క మిగల్లేదే."

"మిగల్లే," అన్నారు సావుకారు.

మేము ఓడిపోయాము. తమ్ముడు చివరిదాకా ఆడాడు. బాగా ఆడాడని చెప్పలేను. రెండుసార్లు పడ్డాడు. ఆఖరి ఈల పడగానే ఉన్నచోటనే కూర్చుండిపోయాడు. ఇద్దరు వెళ్ళి మోసుకువచ్చారు.

మేస్త్రి అందరినీ దగ్గరికి పిలిచారు. ఆయన ముఖంలో హేళన పూర్తిగా పోయింది. "అప్పా, అందరూ వినండి. కాలు తెగినోడి ఆటకు తీర్పు లేదు. ఈ పూచీ చెల్లదు. పిల్లోడూ ఉంటాడు, సావుకారూ ఉంటాడు. సమ్మతమా?"

"సమ్మతం, సమ్మతం," అన్నారు అందరూ. నాకు ఊపిరి వచ్చింది.

"కాలు ఎప్పుడు తెగింది?" అన్నారు సావుకారు.

ఆయన నావైపు తిరిగారు. "ఏం బీయే? ఇప్పుడు చెప్పు. ఎప్పుడు తెగింది?"

"మొదటి సగంలో."

"యాడ?"

నేను చూపించాను. ఆయన పీట వేసుకున్న చోటికి, గాజుపెంకు ఇంకా మెరుస్తున్న చోటికి మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా కూడా లేదు. ఆయన వెళ్ళి, వంగి, పెంకు తీసి, అరచేతిలో పెట్టుకుని చూశారు. తర్వాత దాన్ని కోట కందకంలోకి విసిరేశారు.

"ఫస్టాఫు మాట నేను ఎప్పుడన్నా విన్నానా మేస్త్రీ?"

"వినలేదు. అయితే మాత్రం..."

"ఆ పళ్ళికొండ పిల్లోడు వచ్చి చెప్పబోయినాడు. వినలేదు. వాడికి ముందు ఎంతమంది! ఒకని మోకాలు, ఒకని మడమ, ఏమేమి పోయినాయో, ఒకటన్నా నేను చూసినానా? అందరినీ పంపించేస్తి. ఈ పొద్దు నా వంతు వచ్చేటప్పటికి మాత్రం వింటానా? అదేం న్యాయమప్పా?"

"న్యాయం కాదు సావుకారూ, అది మొండితనం."

"అట్లనే అనుకో. పిల్లోడు ఉంటాడు, నేను పోతా. అదే గదా లెక్క." పీట చంకలో పెట్టుకున్నారు. తమ్ముడి దగ్గరికి వెళ్ళి మోకాటి చిప్ప మీద కణుపుతో కొట్టబోయి, చేయి ఆపి, వాడి తల నిమిరారు. తమ్ముడు ఏడుస్తూ, "నన్ను తీసేయండి సావుకారూ, మీరు పోవద్దు," అన్నాడు.

"నోర్ముయ్. నీళ్ళు అయిపోయినాక ఇంకేం మాట?"

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన, నేను ఆయన పక్కన. మేస్త్రి ముందు సీట్లో ఖాళీ చెంబును ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. విరించిపురం గోపురం కనుపించేదాకా సావుకారు పాలారు ఇసుకనే చూశారు. అప్పుడు, తల తిప్పకుండా, నాకు మాత్రమే వినబడేటట్టు అన్నారు.

"బీయే."

"చెప్పండి."

"ఫస్టాఫు చెప్పు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పిల్లోడు ఎట్లా ఆడినాడు? మొదటి నుంచి చెప్పు. ఏదీ వదలొద్దు."

చెప్పాను. బంతి మొదటిసారి వాడి కాలికి వచ్చినప్పటి నుంచి, బ్యాకు చంక కింద దూరటం, కాకులు లేవటం, అన్నీ. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యమధ్య "ఏ కాలితో?" అనీ "అప్పుడు వాడేం చేసినాడు?" అనీ అడిగారు. పళ్ళికొండలో బస్సు ఆగితే, "ఉండు. ఆగు," అని దిగారు. ఎక్కువసేపు రాలేదు. వచ్చి, "గంగాళం ఊళ్ళో లేడంట. ఆంబూరులో తోళ్ళ పనికి పోయినాడంట," అన్నారు. "ఊ, చెప్పు. చంక కింద దూరినాడు. తర్వాత?"

ఆ ఏడాది ఆయన మైదానానికి రాలేదు. ఆదివారం సాయంత్రాలు అంగడి మెట్ల మీద కూర్చునేవారు. అరుపులు అక్కడికి వినిపించేవి. ఆట ముగిశాక తమ్ముడు, చెమట ఆరకముందే, అటే వెళ్ళేవాడు. ఆయన అంకెలు అడిగేవారు కాదు, మొదటి నుంచి చెప్పమనేవారు.

మరుసటి ఏడు మా ఊరి జట్టు పూచీ పద్ధతిని ఎత్తివేసింది. కొత్తగా చేరినవాణ్ణి ఏడాది నిండకుండా ఎవరూ తీసివేయకూడదని నిర్ణయించారు. ఆంబూరు నుంచి గంగాళాన్ని పిలిపించి బ్యాకుగా పెట్టుకున్నారు.